గద్వాల మొదలు నాగర్‌కర్నూలు వఱకు: ఒక బొమ్మకారు ప్రయాణము

ప్రయాణమునకు బయలుదేరునపుడు స్త్రీలము మూటగట్టుకొను వస్తువులలో మందుసీసా, మంచినీళ్లు, ఊరగాయ మున్నగునవి యుండుట వాడుక. గడచిన వేసవిలో నేను గద్వాలకు బోవునపుడు నా సంచిలో వీనితోపాటు చిన్న రంగుసీసాలు ఎనిమిది, కుంచెలు మూడు, ఆకురాయి యొకటి, ఇంకను విప్పని ప్లాస్టిక్ మోటారుకారు పెట్టె యొకటి కూడ నుండెను. రైలులో నా యెదుట గూర్చున్న యామె ఆ పెట్టెను జూచి "పిల్లవాని యాటవస్తువా, అమ్మా?" యని యడిగినది. అవునంటిని. ఆ మాట సగమే నిజము.

మా నాయనగారు నాగర్‌కర్నూలులో ఇరువదియాఱేండ్లు బాడుగకారు నడపిరి. అది అంబాసిడరు. 1998లో నా పెండ్లి జరిగిన నెలలోనే దాని నమ్మివేసిరి. ఎందుల కమ్మితిరని నే నడుగలేదు, వారును చెప్పలేదు. ఇప్పుడు వారికి ఎనుబదియేండ్లు. ఎడమకన్ను మందగించినది; చేతులు వణకును. పదుమూడేండ్ల మా చిన్నవాడు ఇంటిలోని పాతపెట్టెలో ఆ కారు ఛాయాపటము నొకదానిని గనుగొని, తాతగారి కా బండిని మరల జేసి యిత్తునని పట్టుబట్టెను. అంబాసిడరు నమూనా మాకు దొరకలేదు. గుండ్రని యొడలుగలది చాలునని ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నమూనాను దెప్పించితిమి. పటము నలుపుతెలుపులది. "అమ్మా, ఆ కారు రంగేమి?" యని వాడడిగిన "తెలుపు" అంటిని. "ఇటువైపు తలుపు మాత్ర మింకను తెల్లగా నున్నదేమి?" అనెను. "ఎండ పడియుండును లే" అంటిని.

ఇట్టి నమూనాల సంగతి తెలియని సోదరీమణులకు రెండు మాటలు. ఇవి తయారుగా వచ్చు బొమ్మలు కావు. పాలిస్టిరీన్ అను ప్లాస్టిక్కును అచ్చులలో బోసి, బండి భాగములన్నింటిని సన్నని చట్రములకు దగిలించి పెట్టెలో నుంచి యమ్ముదురు. వానిని గోసి, నునుపుచేసి, రంగువేసి, అతికించుట కొన్నవాని పని. ఇంగ్లండులో 1939లో స్థాపింపబడిన ఎయిర్‌ఫిక్సు సంస్థ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనాను జేసినది. జపానులో షిజువోకా పట్టణమందలి తమియా సంస్థ 1960లో ప్లాస్టిక్ నమూనాలకు బూనుకొన్నది. మాది 24వ వంతు కొలతది. అనగా నిజమైన కారు నిడివిలో 24వ భాగము. నాలుగు మీటర్లకు బైబడిన బీటిల్, ఈ కొలతలో సుమారు 17 సెంటీమీటర్లగును.

వనపర్తి రోడ్డు స్టేషను దాటిన పిమ్మట రైలు కృష్ణానదిని దాటి గద్వాల చేరును. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. నడుమ నున్న యీ భూమిని నడిగడ్డ యందురు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లాను విభజించినపుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేఱువేఱు జిల్లాలకు ముఖ్యపట్టణము లయ్యెను. గద్వాలలో ముందుగా జూడవలసినది కోట. పెదసోమభూపాలుడు కట్టించిన దని చెప్పుదురు. జనులాయనను సోమనాద్రి యని పిలుచుకొందురు. లోపల చెన్నకేశవస్వామి యాలయమున్నది. ఒకప్పుడు రాజులున్న యావరణలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల వెలసినది. పుస్తకములు చేతబట్టిన బాలికలు కోటగుమ్మమున రాకపోకలు సేయుచుండ జూచుట నాకు మిక్కిలి సంతోషమైనది.

మేము వచ్చిన పని ఆడబిడ్డ కూతురి పెండ్లికి చీరలు కొనుట. గద్వాలచీరకు ఒడలు నూలు. అంచును, కొంగును పట్టు, జరీ. ఒడలి పేకను అంచుపేకతో నొక్కొక్క వరుసయందును మెలివేసి కలుపుదురు. ఆ కూర్పునే కుట్టు అందురు. పట్టును నూలును గలియుచోట గీత కనబడును గాని, చేతితో దడవిన ఎత్తుపల్లము తెలియదు. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవములకు ఏరువాడ జోడుపంచెలను నియమముతో నేసి పంపునదియు ఈ యూరి నేతగాండ్రే.

మగ్గముల వీథిలో ఒక రంగులద్దు వృద్ధుని యింటికి బోయితిమి. ఆయన పట్టుకండెను మరుగునీటిలో ముంచి యెత్తుచుండెను. మా చిన్నవాడు తన సందేహము నాపుకొనలేక "తాతా, తెల్లరంగు ఎట్లు కలుపవలె?" ననెను. ఆయన నవ్వి, "ఏ తెలుపు నాయనా? తెలుపు ఒకటా?" అని గోడకు వ్రేలాడు కండెలను జూపెను. చలువచేసిన నూలు తెలుపొకటి. చలువచేయని నూలు తెలుపు, పాలమీగడ వలె నొకింత పసుపు. జిగురు దీసిన పట్టు తెలుపు ఇంకొకటి. అన్నియు తెలుపే. ప్రక్కప్రక్కన నుంచినపుడు గాని భేదము తెలియలేదు. తడిరంగును నమ్మరాదనియు, ఆరిన పిదప నది మాఱుననియు, దీపపు వెలుతురున రంగు జూచినవాడు పగలు మోసపోవుననియు ఆయన చెప్పెను. "మీ బండి వీనిలో ఏది?" యని వాడు నా మొగము జూచెను. ఏడెనిమిదేండ్ల పిల్లనై ఆ కారు ముందు గద్దెపై గూర్చున్న దినములు తలచుకొని, చలువచేయని నూలును జూపితిని. ఆయన జానెడు దారము ద్రెంచి వాని చేతిలో బెట్టెను.

ఆ యుత్సాహముతో వాడు చేసిన తొందరపాటును ఇక్కడ జెప్పక తప్పదు. రంగుకు ముందు నమూనాకు అడుగుపూత వేయవలెను. దానికంటె ముందు భాగములను సబ్బునీట గడిగి యారబెట్టవలెను. అచ్చునుండి వచ్చు నూనెజిడ్డు మిగిలినచో రంగు పట్టదు. కడుగుట చక్కగనే చేసెను. కాని మేము దిగిన బంధువుల యింటి మేడపై, మే నెల మిట్టమధ్యాహ్నమున, డబ్బానుండి చిమ్ము అడుగుపూతను వేసెను. ఆ యెండకు రంగు చుక్కలు నమూనాను జేరకమున్నె గాలిలో నారిపోయెను. దానికి తోడు వీథిదుమ్ము. కారు పైభాగమంతయు ఇసుకచల్లినట్లు గరుకుదేరెను. వాడు దానిని మూల బడవైచి అన్నము మానెను. తాతగారికి మంచిదే యీయవలెను గాని యిట్టిది యీయరాదని వాని యేడుపు. ఆ రాత్రి పండుకొనుటకు ముందు ఆ పై భాగమును చేతిలోనికి దీసికొని చూచితిని. కారును వాడు వదలినచో నాకును ఆ యింటిలో మాటాడుటకు సాకు పోవునని తోచి, వానికంటె నాకే దిగులైనది.

మఱునాడు వానికి నిర్మలబొమ్మల సంగతి చెప్పితిని. నిర్మలలో పొణికికఱ్ఱ బొమ్మను చెక్కిన వెంటనే రంగు వేయరు. అతుకులను రంపపుపొట్టు, చింతగింజల జిగురు గలిపిన ముద్దతో బూడ్చి, ఆరబెట్టి, రుద్ది, తెల్లసుద్ద పూతపూసి, అది నునుపైన పిదపనే రంగు. ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱకు లక్కరంగు పట్టించువారును, కొండపల్లిలో తెల్లపొణికిని మలచువారును అడుగును సిద్ధపఱచుటకే యెక్కువ పాటుపడుదురు. మఱియొక చిత్రము: నిర్మలవారు పిమ్మట వాడనేర్చిన డూకో రంగు మొట్టమొదట మోటారుకార్లకొఱకై 1920ల దశకమున అమెరికాలో బుట్టినది. కారురంగు బొమ్మకు వచ్చినది. ఇప్పుడు బొమ్మయే కారు. ఈ మాటకు వాడు నవ్వెను. చెడినది గరుకే గాని కారు కాదని తెలిసికొని, సన్నని ఉప్పుకాగితమును నీట దడిపి మెల్లగా రుద్దనారంభించెను.

గద్వాలనుండి బస్సెక్కి, బీచుపల్లి యాంజనేయస్వామికి కిటికీనుండియే నమస్కరించి, కృష్ణవంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి జేరితిమి. దారిపొడుగున వాడు రుద్దుచునే యుండెను. ఆ బస్సు కుదుపులకు మూలలయందు గీతలు కొంచె మఱిగిపోయెను. అది మా రెండవ పొరపాటు. దానిని దిద్దలేదు, ఇప్పటికి నట్లే యున్నది.

వనపర్తి సంస్థానపు రాజభవనమున 1959నుండి పాలిటెక్నిక్ కళాశాల యున్నది. రాజులుండిన గదులలో నేడు యంత్రవిద్య నేర్చుచున్నారు. ఈ సంస్థానపు కోడలైన రాణీ కుముదినీదేవిగారిని మన పాఠకురాండ్రు తప్పక తెలిసికొనవలెను. వారు కుష్ఠరోగుల కొఱకు 1958లో హైదరాబాదు దగ్గఱ కూకట్‌పల్లిలో శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. 1962లో హైదరాబాదు నగరమునకు ప్రథమ మహిళా మేయరైరి. వనపర్తినుండి శాసనసభకును ఎన్నికైరి. ఘోషాలు పాటించిన కాలమున బుట్టి, జనులు ముట్టుటకు వెఱచిన రోగులకడ గూర్చున్న స్త్రీని దలచుకొనుచు ఆ భవనము ముందు కొంతసేపు నిలిచితిని.

పాతమేడలను జూచినవారికి ఒక సంగతి తెలియును. ఏటేట సున్నము కొట్టగా కొట్టగా గోడపైని లతలును, పూవులును మొద్దుబాఱి గుర్తింపరానివగును. మా స్నేహితురాలి యింటి వసారా స్తంభములట్లే యున్నవి. వానిని జూపి మా చిన్నవాడు లెక్కగట్టెను: 24వ వంతు నమూనాపై మిల్లీమీటరులో పదవవంతు మందము రంగు పడిన, నిజమైన కారుపై 2.4 మిల్లీమీటర్లు పడినట్లు. అట్టి కారును ఎవరును జూచియుండరు. కావున నమూనాకు రంగెంత పలుచనైన నంత మేలు.

ఆ దినము పెందలకడ లేచి, దుమ్ము లేవకమున్నె, ఎండ రాకమున్నె, పెరటిలో మరల అడుగుపూత వేసితిమి. డబ్బాను జానెడు దూరమున బట్టి, నమూనాకు వెలుపలనే మొదలుపెట్టి, ఆపక అవతలికి గొనిపోవలెను. ఒక్కచోట నిలిపిన రంగు కాఱును. ముక్కునకు గుడ్డ గట్టుకొనవలెను. వంటయింటి నిప్పు దగ్గఱ నీ డబ్బాలను ఉంచనేరాదు. పూత యైన వెంటనే ఖాళీ అట్టపెట్టె బోర్లించితిమి. మధ్యాహ్నమునకు నునుపుగా నారినది.

అటుపై రంగు గలుపుట. తెలుపులో ముదురురంగును సూదిమొనంత చొప్పున గలుపవలెను గాని, ముదురురంగులో తెలుపు పోయరాదు. పోసినచో గిన్నెలు నిండినను రంగు కుదరదు. తెలుపులో పసుపు రెండుచుక్కలు, మట్టిరంగు పుల్లమొనతో నొకింత. ఒక్కొక్క కలయికను ప్లాస్టిక్ చెంచా వీపున బూసి, ఆరనిచ్చి, ఆ జానెడు నూలుదారము ప్రక్కన బెట్టి పగటివెలుగున జూచితిమి. అయిదవ చెంచా సరిపోయినది. నీరు గలిపి పలుచన చేసిన ఆ రంగును వెడల్పు కుంచెతో నొకమాఱు నిలువుగా, అది యారిన పిదప ఇంకొకమాఱు అడ్డముగా, ఇట్లు నాలుగు పూతలు వేసెను. మొదటి పూత చారలుచారలుగా నుండును. దానిని జూచి తడిమీదనే దిద్దబోయినవారు చెడగొట్టుకొందురు.

రాత్రి దీపము క్రింద చిన్నపనులు. తలుపుల సందులలో పలుచని ముదురు మట్టిరంగును కుంచెమొనతో నంటించిన నదియే సందువెంట బాఱును. మీగడతెలుపు బండికి కారునలుపు పెట్టిన బొమ్మవలె గనబడును. చక్రపు రబ్బరుకు నిగనిగలాడు నలుపుగాక బూడిదగలిసిన నలుపు. అద్దములను త్వరగా బట్టు జిగురుతో నతికింపరాదు. దాని యావిరికి అద్దము తెల్లబాఱును. పిల్లలు కాగితముల కంటించు తెల్లజిగురు చాలును. ఈ పనులలో నా చేయియు గలిసెను. వంటయింటిలో ముగ్గుపిండితో నేర్చిన వ్రేళ్లు సన్నని గీతకు వాని చేతికంటె నిలుకడగా నుండెను.

మూడవ మజిలీ నాగర్‌కర్నూలు, నా పుట్టినయూరు. కేసరిసముద్రపు గట్టు కనబడగానే నాకు ఇల్లు చేరినట్లగును. ఈ యూరి పేరుకు పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. పూర్వము బండ్లవాండ్రు ఇరుసులకు వేయు కందెనను ఇక్కడ గొనుచుండిరట. అందుచే కందనూలైన దట. కృష్ణ కావలి కర్నూలుకును ఇట్టి కథయే చెప్పుదురు. ఏది ముందో చరిత్రకారులు చెప్పవలెను. మా నాయనగారు మాత్రము ఈ కథను గట్టిగా నమ్ముదురు. బండివాని కంతకంటె మంచి యూరు ఉండునా యందురు.

వారు అరుగుపై గూర్చుండిరి. మా చిన్నవాడు పెట్టెను వారి యొడిలో నుంచెను. వారు నమూనాను దీసి, కుడికంటి దగ్గఱకు దెచ్చుకొని, త్రిప్పి చూచి, అలవాటు చొప్పున ముందరి మూత నెత్తిరి. లోపల నింజను లేదు. "ఏంది బిడ్డా, ఇంజనే లేని బండి తెచ్చినవు?" అనిరి. ఈ జాతి కారుకు ఇంజను వెనుక నుండునని మనుమడు చూపగా, వెనుకమూత ఎత్తి చాలసేపు చూచి, తల పంకించిరి. అటుపిమ్మట పైరంగును బొటనవ్రేలితో దడవి, "రంగు మనదే" అనిరి. నాకు ప్రాణము లేచివచ్చినది.

కొంచెము తాళి, "కుడితలుపు తప్పు" అనిరి. కొల్లాపురపు దారిలో ఒక రాత్రి బండి గుంతలో బడి కుడితలుపు నలిగినదట. ఇంకొక పాతబండి తలుపును దెచ్చి బిగించిరట. అది పాలతెలుపు. రంగు కలిపించుటకు డబ్బు చాలక, అమ్మునంతదాక అట్లే నడపిరట. మా చిన్నవాడు నావంక జూచెను. పటములోని తలుపు తెల్లదనము ఎండ గాదు. ఆ తలుపు ప్రక్కనే యేండ్లతరబడి బడికి బోయివచ్చిన నాకు అది జ్ఞప్తికి రాలేదు. ఎన్నడును జూడని పిల్లవాడు కనిపెట్టెను.

ఆ సాయంకాలమే వాడు తలుపు చుట్టును అంటుకాగితపు పట్టీ వేసి, కుడితలుపునకు మాత్రము పాలతెలుపు పూసెను. వాడు పూయుచుండగా, ఇరువది యేడేండ్లనుండి నోట నున్న ప్రశ్నను నేను నాయనగారి నడిగితిని: "నా పెండ్లికొఱకే బండి నమ్మితిరా, నాయనా?" వారు మనుమని చేతివైపే చూచుచు, "బ్రేకులు పోయినయి బిడ్డా. ఎట్లైనా అమ్మవలసిందే" అనిరి. ఆ బండి బ్రేకులు బాగుండెనో లేదో చెప్పగలవారు వారొక్కరే. నేను మరల నడుగలేదు.

అంబాసిడరు కారు 1958లో మన రోడ్లమీదికి వచ్చి, 2014లో కలకత్తా దగ్గఱి ఉత్తర్‌పాడా కర్మాగారమున ఆగిపోయినది. బీటిల్ కూడ 2003లో మెక్సికోలో కడసారిగా తయారైనది. ఇక వానిని పిల్లలు ఎక్కువగా బొమ్మలుగానే చూతురు. ఇంటిలోని పెద్దలకు జ్ఞాపకమున్నపుడే రంగేదో, తలుపేదో అడిగి తెలిసికొనుట మంచిది. పనిముట్ల ఖర్చు గొప్పది కాదు. మొదటిసారికి మూడు కుంచెలు, ఆకురాయి, ఉప్పుకాగితము, నాలుగైదు రంగులు చాలును. వేసవిలో గద్వాలకు బోవువారు మేడమీద మధ్యాహ్నపువేళ మాత్రము రంగు చిమ్మకుడు.

మేము బయలుదేరునాటికి ఆ కారు కిటికీగూటిలో, కుడితలుపు వీథివైపు త్రిప్పి, నిలిపియుండెను. దుమ్ము పడకుండ నాయనగారు దానిపై నొక గాజుగిన్నె బోర్లించిరి.